ఎర్ర సిలువ జెండా చూసి తలుపులు వేసుకోకండి: సెయింట్ జార్జ్ డే మీద అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, 23న పిల్లల్ని బయటికి పంపొచ్చా? ఏదో జెండాల గొడవ ఉంటుందట కదా." నేను ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో సాయంత్రం పూట మనవాళ్లకి లైఫ్ ఇన్ ది యూకే పరీక్షకి క్లాసులు చెబుతాను. ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేసేవాళ్లు, పాస్‌పోర్టు కోసం ఎదురుచూసేవాళ్లు, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇప్పుడిప్పుడే ఊరు తెలుసుకుంటున్నవాళ్లు వస్తుంటారు. ఏప్రిల్ 23 ఇంగ్లండ్ సంరక్షకుడిగా చెప్పుకునే సెయింట్ జార్జ్ పండగ రోజు, తెల్ల గుడ్డ మీద ఎర్ర సిలువ ఉన్న ఆయన జెండాయే ఇంగ్లండ్ జెండా. ఈ సెయింట్ జార్జ్ డే పాఠం పది నిమిషాలది. దాని మీద ప్రశ్నలు మాత్రం గంట నడుస్తాయి, అందులో చాలావరకు వాట్సాప్‌లో ఎవరో పంపిన ముక్కలే.

అపోహ: ఎవరింటికి ఆ జెండా ఉంటే వాళ్లకి మనం గిట్టం.

మనవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. భయం ఊరికే పుట్టలేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. ఇస్లాంకి వ్యతిరేకంగా పుట్టిన ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ అనే అతివాద గుంపు 2009 నుంచి ఈ జెండా పట్టుకునే ఊరేగింపులు తీసింది. 2025 వేసవిలో బర్మింగ్‌హామ్ వైపు మొదలై ఊరూరా ల్యాంప్ పోస్టులకి జెండాలు కట్టారు, రౌండబౌట్ల మీద ఎర్ర సిలువలు పెయింట్ చేశారు. ఊరి మీద అభిమానంతో కట్టినవాళ్లూ ఉన్నారు, వలస వచ్చినవాళ్ల మీద కోపంతో కట్టినవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో రాత్రి షిఫ్టు దిగి ఒంటరిగా నడిచి వచ్చే నర్సమ్మ ఒకామె ఇల్లు చేరేదాకా నాతో ఫోన్లో మాట్లాడుతూనే ఉండేది. ఆమె భయాన్ని నేను ఒక్కసారి కూడా కొట్టిపారేయలేదు.

కానీ జెండా కనబడ్డ ప్రతి ఇంటినీ ఆ లెక్కలో వేసేస్తే ఎలా? 1966 వరల్డ్ కప్ ఫైనల్ ఫోటోలు చూడండి, వెంబ్లీలో జనం చేతుల్లో ఎక్కువగా ఉన్నవి బ్రిటన్ మొత్తం జెండా అయిన యూనియన్ జాక్‌లే. ఎర్ర సిలువ స్టేడియం నిండా కనబడటం 1996 యూరో పోటీలతో మొదలైంది. అప్పట్నుంచి ఫుట్‌బాల్ వస్తే కార్లకి, కిటికీలకి, పబ్బులకి అదే. చర్చి గోపురం మీద ఎగిరేదీ అదే. అసలు ఆ జెండా కట్టాలంటే ఇంగ్లండ్ వాళ్లలోనే చాలామందికి మొహమాటం, ఈ సంగతి మనవాళ్లకి అస్సలు తెలియదు.

మా పక్కింటాయన రిటైరైన బస్సు డ్రైవరు. నేను వచ్చిన కొత్తలో ఒక వరల్డ్ కప్ సమయంలో ఆయన కారుకి చిన్న జెండా చూసి, ఆ తర్వాత రెండేళ్లు ఆయన వాకిట్లో ఉంటే నేను తలుపు తీసేదాన్ని కాదు. ఒక ఏప్రిల్ 22 సాయంత్రం తలుపు కొట్టారు. చంకలో మడత పెట్టిన జెండా. మడతల గీతలు దిగబడిపోయాయి, కన్నాల దగ్గర తుప్పు మరకలు. "రేపు దీన్ని కిటికీకి కడదామనుకుంటున్నాను, మీరేమీ అనుకోరు కదా?" అని అడిగారు, గొంతు తగ్గించి. చాలా ఏళ్ల కిందట ఒకసారి కడితే వీధిలో ఎవరో రేసిస్టు అన్నారట, అప్పట్నుంచి సొరుగులోనే ఉంచేశారట. ఇప్పుడు మనవడు చిన్నపిల్లల స్కౌట్ దళం కబ్ స్కౌట్స్‌లో చేరాడు, వాడి కోసం కడతానన్నారు. లోపలికి పిలిచి టీ ఇచ్చాను. ఆయన మాటలు వింటుంటే, ఆ రెండేళ్లూ నేను ఆయన్ని ఎంత తప్పుగా అనుకున్నానో తలుచుకుని చాలా బాధేసింది.

మార్చి 17న సెయింట్ ప్యాట్రిక్ డేకి ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని పబ్బులు నింపే ఇంగ్లిష్ వాళ్లే తమ పండగ రోజు చడీచప్పుడూ లేకుండా ఉంటారు. కొందరికి తేదీ కూడా గుర్తుండదు. 1415లో ఫ్రాన్స్ మీద అజిన్‌కోర్ట్ యుద్ధం గెలిచాక పెద్ద పండగల్లో చేర్చిన రోజు ఇది. 1707లో స్కాట్లాండ్‌తో కలిశాక బ్రిటిష్ అనే గుర్తింపు ముందుకొచ్చి దీని కళ తగ్గింది. దానికి తోడు మన గొప్ప మనమే చెప్పుకోకూడదనే పెంపకం, పైగా జెండాకి అంటుకున్న చెడ్డపేరు. ఇష్టం ఉండీ బయటపెట్టలేనివాళ్లని నేను చాలామందిని చూశాను. నాకు ఇది న్యాయంగా అనిపించదు, ఎవరి పండగ వాళ్లు దర్జాగా చేసుకోవాలి.

నష్టం అన్నాను కదా. స్కౌట్లకి కూడా సంరక్షకుడు సెయింట్ జార్జే, అందుకే ఆ రోజుల్లో పిల్లల పెరేడ్లు జరుగుతాయి. మా క్లాసుకొచ్చే ఒకమ్మాయి ఫార్వర్డ్ చూసి భయపడి కొడుకుని ఆపేసింది. వాడు ముందు రాత్రే స్కార్ఫ్ ఇస్త్రీ చేయించుకుని కుర్చీకి వేసుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు, ఆ స్కార్ఫ్ మెళ్లో వేసుకుని మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాడట.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: 23 సెలవు. ఇంగ్లండ్‌లో కాదు. సెయింట్ ఆండ్రూ రోజు స్కాట్లాండ్‌లో, సెయింట్ ప్యాట్రిక్ రోజు ఉత్తర ఐర్లండ్‌లో సెలవులు. పరీక్ష పుస్తకంలో ఉంది, గుర్తుపెట్టుకోండి. 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీ నలుగురు సెయింట్ల రోజులకీ సెలవిస్తామంది, గెలవలేదు.

అపోహ: జెండా ఎగరేస్తే కేసు. సొంత ఇంటి మీద దేశం జెండాకి పర్మిషన్ అక్కర్లేదు. ల్యాంప్ పోస్టు మన సొంతం కాదు, దానికి కౌన్సిల్‌ని అడగాలి.

అపోహ: జార్జ్ ఇంగ్లిష్ వీరుడు. ఇప్పటి టర్కీలోని కపడోకియా వైపు పుట్టాడని, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో చంపబడ్డాడని సంప్రదాయం చెబుతుంది. ఇంగ్లండ్‌లో అడుగు పెట్టిన దాఖలా లేదు. మా కవెంట్రీలోనే పుట్టాడని ఒక పాత కథ ఉంది, అది కథే. కేరళలో పుతుప్పళ్లి, ఎడత్వా చర్చిల్లో ఈయనకి ఘనంగా ఉత్సవాలు చేస్తారు. మద్రాసులో ఆంగ్లేయులు కట్టిన కోట 1644 ఏప్రిల్ 23న పూర్తయింది, అందుకే సెయింట్ జార్జ్ కోట అయింది. 1953 దాకా కోస్తా, సీమ జిల్లాల పాలన సాగింది అక్కడ్నుంచే. క్లాసులో ఇది చెప్పినప్పుడు మాత్రం అందరూ ఫోన్లు పక్కన పెట్టి వింటారు.

నిజంగా ఎవరైనా మిమ్మల్ని తిట్టినా, బెదిరించినా ఊరుకోకండి. ప్రమాదంలో ఉంటే 999కి, తర్వాతైతే 101కి ఫోన్ చేసి పోలీసులకి హేట్ క్రైమ్ అని స్పష్టంగా చెప్పండి. ఇంగ్లిష్ తడబడితే నాకు చేయండి, నేను మాట్లాడతాను. పిల్లల పెరేడ్‌కి మాత్రం పంపండి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకుగా ఉంటే చెప్పండి, నేనూ మా పక్కింటాయనా ఎలాగూ వెళ్తున్నాం, ఆయన కారులో ఇంకో ముగ్గురికి చోటుంది.