69 దాటితే పింఛను లేదు

వికలాంగుల పింఛన్ల తనిఖీ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ చర్చంతా దొంగ సర్టిఫికెట్ల చుట్టూనే తిరుగుతోంది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులకు అనర్హులంటూ నోటీసులు వెళ్లినప్పుడూ అంతే. వైకల్యం 40 శాతం లోపు ఉంటే పింఛను రాదు. కాలికో చూపుకో ఆ శాతం ఎలా కడతారో ఊహించుకోవచ్చు. మరి తెలివికి?

ఫ్రాన్స్‌లో బినే అనే మనస్తత్వవేత్త తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసిన కథ చాలామందికి తెలిసిందే. మనకు సంబంధించిన మలుపు 2001 జూన్‌లో వచ్చింది. 1995 వికలాంగుల చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టింది. దాన్ని అమలు చేయాలంటే ప్రతి వైకల్యానికీ ఒక శాతం కావాలి. అందుకని కేంద్రం ఐక్యూను, అంటే తెలివి పరీక్షలో వచ్చే అంకెను, మెట్లుగా కోసి వైకల్య శాతాలు అంటించింది. 50 నుంచి 69 వరకు ఉంటే 50 శాతం, 70కి చేరితే 25 శాతం. అంటే ఈ పట్టికలో 40 అనే అంకే లేదు! 69 వచ్చిన పిల్లాడికి పింఛను ఉంది, 70 వచ్చిన పిల్లాడికి లేదు. 2016లో కొత్త చట్టం వచ్చింది, 2018లో మార్గదర్శకాలు మారాయి. ఈ గీత మాత్రం 70 దగ్గరే ఉండిపోయింది.

2018 పద్ధతిలో కొలత వైన్‌ల్యాండ్ స్కేలు, అంటే రోజువారీ పనులు పిల్లాడు తనంతట తాను ఎంతవరకు చేసుకోగలడో చూసే పరీక్ష. 1935లో అమెరికాలో ఎడ్గర్ డాల్ రూపొందించాడు, నాగపూర్‌లో మాలిన్ మన పిల్లలకు తగ్గట్టు మార్చాడు. ఇందులో ప్రశ్నలు పిల్లాడికి కాదు, ఎక్కువగా తల్లికి. బొత్తాలు పెట్టుకుంటాడా? తనే స్నానం చేస్తాడా? కొట్టుకెళ్లి చిన్న వస్తువు తెస్తాడా? జవాబులను బట్టి 'సామాజిక వయసు' లెక్కగట్టి, అసలు వయసుతో భాగించి, వందతో హెచ్చిస్తారు. పదేళ్ల పిల్లాడికి సరిగ్గా ఏడేళ్లని తేలితే 70. రెండు నెలలు తగ్గితే 68. తన బిడ్డ గురించి నలుగురిలో కాస్త గొప్పగా చెప్పుకోవాలని ఏ తల్లికి ఉండదు? "వాడే పోసుకుంటాడండీ" అన్న మాటకు నెలకు 6,000 రూపాయలు పోవచ్చు.

అనర్హులకు డబ్బు పోతోందని ప్రభుత్వం అంటోంది. అలాంటివాళ్లు లేరని ఎవరూ అనరు, తనిఖీ జరగాల్సిందే. కానీ దొంగ సర్టిఫికెట్‌ను పట్టుకోవడం వేరు, ఒకట్రెండు పాయింట్ల తేడాను అనర్హత అనడం వేరు. ఐక్యూ పరీక్షలో ఐదు పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే. 2013లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ మాన్యువల్లో 70 పక్కన 65-75 అని రాసింది అందుకే. మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు ఒక మరణశిక్ష కేసులో, ఐక్యూ 70 దాటితే తెలివి వైకల్యానికి ఇక మరే ఆధారమూ చూడనన్న ఫ్లోరిడా రాష్ట్ర పద్ధతి చెల్లదని చెప్పింది.

మన దగ్గర నోటీసు అందుకున్నవాళ్లకు అప్పీలు అవకాశం ఇచ్చారు. పిల్లాణ్ని మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. 25కీ 50కీ మధ్య ఇంకో మెట్టు మాత్రం అక్కడా ఉండదు.