గోడను గుద్దితే ఎముక గట్టిపడుతుందా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. 11 ఏళ్ల కొడుకు కరాటే క్లబ్‌లో చేరి ఆర్నెల్లయింది. ఇంటికొచ్చాక కూడా సిమెంటు నేల మీద పిడికిళ్లు ఆనించి పుషప్స్ తీస్తున్నాడు, గోడను గుద్దుతున్నాడు. ఎందుకురా అంటే, "గుద్దగా గుద్దగా ఎముకలో సన్న పగుళ్లు వస్తాయి, అవి పూడాక ఎముక ఇనుములా అవుతుంది, సీనియర్లు చెప్పారు" అంటున్నాడట. "నిజమేనాండీ?" అని ఆవిడ సందేహం.

సగం నిజం. మిగతా సగంతోనే చిక్కు.

చెక్కలు, ఇటుకలు పగలగొట్టే ప్రదర్శనల సంగతి ముందే తేల్చేస్తాను. వాటిలో నాకు పెద్దగా ఆసక్తి లేదు. అదేదో అతీత శక్తి అని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. 1979లో మైఖేల్ ఫెల్డ్, రొనాల్డ్ మెక్‌నైర్, స్టీఫెన్ విల్క్ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు. పైనుంచి కిందికి కొట్టే దెబ్బలో చెయ్యి సెకనుకు 10 నుంచి 14 మీటర్ల వేగం అందుకుంటుంది. ఎముక తట్టుకునే ఒత్తిడి కాంక్రీటు తట్టుకునేదానికి 40 రెట్లు. చెక్కనైతే నార వెంబడి చీలేలా అమరుస్తారు. మంత్రం లేదు, మాయ లేదు. ఈ మెక్‌నైర్ స్వయంగా బ్లాక్ బెల్ట్. తర్వాత వ్యోమగామి అయ్యారు, 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో చనిపోయారు.

నన్ను కట్టిపడేసేది ఎముక లోపలి కథ. ఎముక అనగానే మనకు తెల్లటి రాయి లాంటిదేదో గుర్తొస్తుంది. బళ్లో చూపించే అస్థిపంజరం చేసిన పని అది. బతికున్న ఎముకలో రిపేరు పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పాతబడిన చోటును ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు యాసిడ్ పోసి కరిగిస్తాయి. ఇవి కూల్చే కూలీలు. వాళ్లు వెళ్లాక ఆస్టియోబ్లాస్ట్‌లు దిగుతాయి. ఇవి మేస్త్రీలు. ముందు కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు పరుస్తాయి. స్లాబుకు ఇనుప ఊచలు కట్టినట్టన్నమాట. ఆ తర్వాత కాల్షియం, ఫాస్ఫేటు వచ్చి సిమెంటులా పట్టుకుంటాయి. కూల్చడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. అదీ పూర్తిగా గట్టిపడాలంటే ఇంకొన్ని నెలలు. స్లాబు పోసిన మర్నాడే దాని మీద లారీ ఎక్కించం కదా.

ఇక్కడ నాకు భలే నచ్చే మలుపొకటి ఉంది. కొందరు మేస్త్రీలు పని ముగిశాక బయటికి రారు. కడుతూ కడుతూ తాము కట్టిన గోడలోనే ఇరుక్కుపోతారు. చచ్చిపోరు. పేరు మాత్రం మారుతుంది: ఆస్టియోసైట్. ఎముకలో ఉండే కణాల్లో నూటికి 90కి పైగా ఇవే. ఏళ్ల తరబడి ఆ చీకటి గదిలోనే ఉంటాయి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి సొరంగాల్లోంచి చేతులు చాచి పక్క గదుల్లోని కణాలను పట్టుకుంటాయి. ఆ సొరంగాల్లో నీరు లాంటి ద్రవం ఉంటుంది. మనం గెంతినా గుద్దినా ఎముక కంటికి కనపడనంత వంగుతుంది. మీటరు పొడవుకు మిల్లీమీటరో రెండో, అంతే. ఆ వంపుకే ద్రవం అటూ ఇటూ ఊగుతుంది. గోడలో ఉన్న మేస్త్రీకి ఆ కదలిక తెలుస్తుంది.

తెలిస్తే ఏం చేస్తాడు? మామూలు రోజుల్లో ఈ కణాలు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ వదులుతూ ఉంటాయి. బయట ఉన్న మేస్త్రీలకు అది "పని ఆపండి" అనే కబురు. ద్రవం గట్టిగా ఊగిన చోట స్క్లెరోస్టిన్ తగ్గుతుంది. అడ్డు తొలగగానే ఎముక ఉపరితలం మీద మేస్త్రీలు కొత్త పొర వేస్తారు. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే లావుగా ఉండడానికి కారణం ఇదే. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే మందు, రొమోసొజుమాబ్, ఎముకలు గుల్లబారిన స్త్రీల కోసం 2019లో అమెరికాలో అనుమతి కూడా పొందింది.

అంటే ఎముకను లావు చేసేది పగులు కాదు, వంపు. పగిలినచోట కూలీలు ముందు తవ్వుతారు, కాబట్టి ఆ కొన్ని వారాలూ ఆ చోటు ఇంకా బలహీనం. సరిగ్గా అప్పుడే మళ్లీ మళ్లీ గుద్దితే సన్న పగులు పెద్ద విరుపవుతుంది. సీనియర్ల సిద్ధాంతం తిరగబడేది ఇక్కడే.

ఇంకో సంగతి వింటే రోజుకు వెయ్యి పంచ్‌ల వీరులకు కోపం వస్తుందేమో. గోడలో ఇరుక్కున్న ఈ కణాలకు తొందరగా చెవుడొస్తుంది. 1984లో రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు పక్షి రెక్క ఎముక మీద పరీక్ష చేశారు. రోజుకు 36 సార్లు వంచితే ఎముక పెరిగింది. 360 సార్లు, 1800 సార్లు వంచినా అంతకంటే ఎక్కువేమీ పెరగలేదు. అదేపనిగా తలుపు కొడుతుంటే లోపలివాళ్లు పట్టించుకోవడం మానేస్తారు చూడండి, అలా. తర్వాత ఎలుకల మీద చూస్తే, 360 సార్లు ఒకే బిగిన వంచడం కంటే 90 చొప్పున నాలుగు విడతలుగా పంచితే ఫలితం మెరుగ్గా ఉంది. వినికిడి పూర్తిగా తిరిగి రావడానికి సుమారు 8 గంటలు పట్టింది. పైగా కణాలకు కదలిక కావాలి, ఊరికే మోపిన బరువు కాదు. పిడికిళ్ల మీద నిమిషాల తరబడి కదలకుండా నిలబడితే మణికట్టు నిటారుగా ఉంచడం అలవాటవుతుంది, మంచిదే. ఎముకకు మాత్రం ఆ నిమిషాలన్నీ ఒక్క కబురుతో సమానం.

మరి వెయ్యి పంచ్‌లు దండగేనా? కాదు, అవి మెదడుకు. 2012లో లండన్‌లో 12 మంది బ్లాక్ బెల్ట్‌లను, కరాటే రాకపోయినా ఫిట్‌గా ఉన్న మరో 12 మందిని 5 సెంటీమీటర్ల దూరం నుంచి గుద్దమన్నారు. బ్లాక్ బెల్ట్‌ల దెబ్బే బలంగా పడింది. కండబలంలో తేడా లేదు. భుజం, మణికట్టు ఏ క్షణంలో వేగం అందుకోవాలన్న టైమింగ్‌లో తేడా. దానికి తగ్గట్టే చిన్నమెదడులోని తెల్లపదార్థం, అంటే కబుర్లు మోసే నరాల పోగులు, కూడా వేరుగా కనిపించింది. గుద్దేటప్పుడు కండరం మొదట ఒక్కసారి బిగుసుకుని, చెయ్యి గాల్లో ఉండగా వదులై, తగిలే క్షణంలో మళ్లీ బిగుసుకోవాలి. మొదటి నుంచీ బిగపట్టి ఉంచితే ఎదురు కండరాలే చేతికి బ్రేకు వేస్తాయి. మాస్టర్లు "లూజ్, లూజ్" అని అరిచేది అందుకే. ఈ మధ్యలో వదలడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

నా సంగతీ చెప్పేస్తాను. కాలేజీ రోజుల్లో ఎవరూ లేనప్పుడు క్లబ్ గోడను గుద్దాను. చూపుడువేలు, మధ్యవేలు కణుపులు తగలాల్సింది, చిటికెన వేలి కణుపు తగిలింది. టక్కుమన్న శబ్దం చెవికి కాదు, మోచేతికి వినిపించింది. ఇప్పటికీ పిడికిలి బిగిస్తే మూడు కణుపులే లేస్తాయి, నాలుగో చోట చిన్న గుంత. అది పూడింది గానీ ఇనుమేమీ కాలేదు.

ఆ అబ్బాయి విషయంలో ఇంకొకటి ఉంది. పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది, పొడవు పెరిగేది అక్కడే. అరచేతి ఎముకల్లో బొటనవేలిది మినహా మిగతా నాలుగింటికీ ఆ పొర ఉండేది వేళ్ల వైపు చివర, సరిగ్గా కణుపు వెనకే. అంటే గోడకు తగిలే చోటే. అది మూసుకునేది 14, 17 ఏళ్ల మధ్య ఎప్పుడో. అందుకని ఆవిడకు ఇలా రాశాను: గోడ వద్దండీ, పుషప్స్ మ్యాట్ మీద తీయనివ్వండి, పంచ్‌లు ప్యాడ్ మీద ఎన్నైనా కొట్టనివ్వండి. ఎముకలే గట్టిపడాలంటే పొద్దున ఓ నలభై గెంతులు, సాయంత్రం ఓ నలభై. మధ్యలో ఆ మేస్త్రీలకు కాస్త చెవులు తెరుచుకోనివ్వమనండి.