బరువు లెక్క వేరు, కొలెస్ట్రాల్ లెక్క వేరు

"గుడ్డు మానేశాను మేడం. నెయ్యి మానేశాను. చెనక్కాయలు ముట్టి ఆరు నెలలైంది. అయినా తగ్గలే."

తిరుపతిలో డైటీషియన్‌గా పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఈ మాట వినని వారం లేదు. ఏం తగ్గలేదని అడిగితే కొందరు పొట్ట చూపిస్తారు, కొందరు ల్యాబ్ రిపోర్టు చేతిలో పెడతారు. రెండూ ఒకటేనని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతోనే మానక్కర్లేనివి మానేసి, తగ్గించాల్సినవి యథాప్రకారం తింటున్నారు.

ఎంత తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నదాన్ని బట్టి బరువు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. కొలెస్ట్రాల్ సంగతి అలా కాదు. మన ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లే తయారు చేసుకుంటుంది. చెడు కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి వెనక్కి లాక్కునే పని ముఖ్యంగా లివర్‌ది. తినే కొవ్వు ఏ రకం, పీచు ఎంత, తల్లిదండ్రుల నుంచి ఏం వచ్చింది, థైరాయిడ్ ఎలా ఉంది, ఇవన్నీ ఆ పని మీద ప్రభావం చూపిస్తాయి. బరువుకీ కొలెస్ట్రాల్‌కీ చుట్టరికం ఉంది. అంతమాత్రాన ఒకటి తగ్గితే రెండోది దానంతట అదే దిగిపోదు.

అపోహ: సన్నగా ఉన్నవాళ్లకు కొలెస్ట్రాల్ ఉండదు

ఒక టీచరమ్మ వచ్చింది. నలభై దాటలేదు, బరువు 52 కిలోలు. ఎల్‌డీఎల్ 210. "ల్యాబ్‌వాళ్లు ఎవరి రిపోర్టో నాకిచ్చినట్టున్నారు" అంది. ఇంట్లోవాళ్ల గురించి అడిగితే, నాన్న నలభై ఐదేళ్లకే గుండెపోటుతో పోయాడని చెప్పింది. ఆమె తిండిలో తప్పేమీ లేదు. లివర్ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్లు కొందరికి పుట్టుకతోనే సరిగ్గా పనిచేయవు. ఈ రిసెప్టర్లను కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ వచ్చింది. ఈ వంశపారంపర్య సమస్య దాదాపు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే దీన్ని అనుమానించాలి. ఇలాంటివాళ్లు తిండి ఒక్కటే మార్చుకుని కూర్చుంటే కాలం వృథా. నేను ఆమెను ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపించాను, అక్కనూ తమ్ముణ్నీ కూడా టెస్ట్ చేయించుకోమన్నాను.

ఉన్నట్టుండి కొలెస్ట్రాల్ పెరిగినవాళ్లు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్ట్ కూడా ఒకసారి చేయించుకోవాలి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. అది తేలకుండా డైట్ చార్టు రాయడం నాకు ఇష్టం ఉండదు.

ఇంకో మాట. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు మన వైపు చాలామంది. తూకం యంత్రం వాళ్లకు ధైర్యం చెబుతుంది, టేపు నిజం చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

అపోహ: చెనక్కాయల్లో, గుడ్డులో ఉన్నదంతా కొలెస్ట్రాలే

చిత్తూరు జిల్లాలో పుట్టి చెనక్కాయలంటే భయపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చెట్టు నుంచి, చేను నుంచి వచ్చే ఏ గింజలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది. చెనక్కాయల్లో ఉన్న కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకం. అయితే బరువు లెక్కకు వస్తే గుప్పెడు గింజలు, అంటే 30 గ్రాములు, సుమారు 170 క్యాలరీలు. రాగి సంగటిలోకి ఒక స్పూను ఊరుబిండి (చెనక్కాయల పచ్చడి) వేసుకుంటే మంచిదే. టీవీ ముందు కూర్చుని ఉడకబెట్టిన కాయలు ఒక గంప ఖాళీ చేస్తే బరువు పెరుగుతారు. అప్పుడు కూడా తప్పు కొలెస్ట్రాల్‌ది కాదు, గంపది.

గుడ్డు పచ్చసొనలో కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజం, 180 మిల్లీగ్రాములకు పైగానే. కానీ తిండిలోని కొలెస్ట్రాల్ చాలామందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను కొద్దిగానే పెంచుతుంది. అంతకంటే ఎక్కువ పెంచేది సంతృప్త కొవ్వు. అందుకే అమెరికా ప్రభుత్వం 2015 ఆహార సూచనల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు అన్న పాత హద్దును తీసేసింది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు రోజుకో గుడ్డు నేను వద్దనను. షుగర్ ఉన్నవాళ్లు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నవాళ్లు మాత్రం ఎన్ని తినాలో తమ డాక్టర్‌ను అడగాలి.

అపోహ: ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ ఫ్రీ' అని ఉంది, గానుగ నూనె కూడా, ఎంత వాడినా ఏం కాదు

గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు కాబట్టి ఆ మాటలో గొప్పేమీ లేదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు ఎంత అన్నది. చెనక్కాయ నూనెలో అది అయిదో వంతుకు కాస్త అటూ ఇటూ. పామాయిల్‌లో దాదాపు సగం. నెయ్యిలో సగానికి పైనే. కొబ్బరి నూనెలో పదికి తొమ్మిది వంతులు. గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో తీసినా ఒక గ్రాము నూనె 9 క్యాలరీలే. వాసనలో, రుచిలో గానుగ నూనెకు నేనూ ఓటేస్తాను. బరువు లెక్కలో మాత్రం దానికి మినహాయింపు లేదు.

"మా ఇంట్లో నూనె తక్కువే" అనని ఇల్లు లేదు. అందుకని నేనొక పని చెబుతాను. కొత్త నూనె డబ్బా విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు తేదీ కూడా రాయండి. ఒక ఇంట్లో నలుగురికి అయిదు లీటర్ల డబ్బా సరిగ్గా 30 రోజులొచ్చింది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. లెక్కేస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు పడింది. కూర్చుని పనిచేసేవాళ్లకు 25 నుంచి 30 గ్రాములు చాలు. ఆ అదనపు 8 గ్రాములే రోజుకు 70 క్యాలరీలకు పైన. పైగా ఇందులో బయట తిన్న బజ్జీలు, పఫ్‌లు లేవు. ఆ ఇల్లాలు డబ్బా మీది తేదీలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెల తాలింపు గరిటె తీసేసి టీస్పూను పెట్టుకుంది. అదే డబ్బా 41 రోజులొచ్చింది.

వనస్పతితో చేసే బేకరీ సరుకుల్లో ట్రాన్స్ ఫ్యాట్ మాత్రం ఏ లెక్కలోనూ మంచిది కాదు. అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది, మంచిదైన హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలూ కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదన్న నియమం వచ్చింది. అయినా పదేపదే కాగిన నూనెలో వేయించినవాటికి దూరంగా ఉండమనే చెబుతాను.

అపోహ: సంగటి తింటే ఎవరైనా సన్నబడతారు

ఇది మన వైపు అన్నింటికంటే బలంగా పాతుకుపోయిన అపోహ. సంగటి మీద నాకు ప్రేమ ఉంది కాబట్టే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చంద్రగిరి దగ్గర పల్లె నుంచి వచ్చి తిరుపతిలో చీరల అంగడి పెట్టుకున్న ఒకామె, 76 కిలోలు. అన్నం మానేసి రెండు పూటలా సంగటే తింటోంది, అయినా మూడు నెలల్లో కిలో పెరిగింది. "రేపొచ్చేటప్పుడు మీరు రోజూ తినేంత ముద్ద డబ్బాలో పెట్టుకుని తీసుకురండమ్మా" అన్నాను. తెచ్చింది. చెయ్యి తడుపుకుని చుట్టిన నున్నటి ముద్ద, ఇంకా వెచ్చగానే ఉంది. నా టేబుల్ మీది కాటాలో పెడితే 430 గ్రాములు తూగింది. అందులో నీళ్లు పోతే పిండీ బియ్యం కలిపి 130 గ్రాముల దాకా ఉంటాయి. అంటే సుమారు 440 క్యాలరీలు. మధ్యాహ్నం రెండు ముద్దలు, రాత్రి ఒకటిన్నర. పిండి ఎంత, బియ్యం ఎంత అని అడిగితే "గ్లాసుకు గ్లాసు" అంది.

రాగిపిండి 100 గ్రాములకు సుమారు 320 క్యాలరీలు, బియ్యం 355. పెద్ద తేడా ఏమీ లేదు. రాగి గొప్పదనం వేరే చోట ఉంది. పీచు 11 గ్రాములు, తెల్లబియ్యంలో 3 కూడా ఉండదు. కాల్షియం 360 మిల్లీగ్రాములు, బియ్యంలో అది నామమాత్రం. కడుపు నిండుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. మన తాతలు సంగటి తిని సన్నగా ఉన్నది రాగుల మహిమ ఒక్కటే కాదు, తిన్నాక మడక పట్టి పొద్దుగూకేదాకా చేలో ఉన్నారు. ఈమె తిన్నాక అంగట్లో కూర్చుంటోంది.

నేను సంగటి మాన్పించలేదు. బియ్యం మూడో వంతుకు తగ్గించమన్నాను. ముద్ద సగం చేసి, ఆ ఖాళీలో గిన్నెడు ఆకుకూర పప్పో, అలసందల కూరో పెట్టమన్నాను. సాయంత్రం అంగడి మూసి ఇంటికి నడిచి పొమ్మన్నాను, అరగంట దూరం. అయిదు నెలల్లో 71 కిలోలకు వచ్చింది. రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 260 నుంచి 170కి దిగాయి. ఎల్‌డీఎల్ మాత్రం 148 నుంచి 139కే వచ్చింది. నేను పైన చెప్పిన తేడా ఆ ఒక్క కాగితంలో కనిపించింది. బరువు తగ్గితే ముందుగా దిగేది ట్రైగ్లిజరైడ్స్. ఎల్‌డీఎల్‌కి ఇంకో దారి కావాలి.

ఆ దారి నీళ్లలో కరిగే పీచు, తక్కువ సంతృప్త కొవ్వు. లివర్ కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారు చేస్తుంది. కరిగే పీచు పేగుల్లో ఆ రసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్త రసం కోసం లివర్ రక్తంలోంచి మళ్లీ కొలెస్ట్రాల్‌ను లాక్కోవాల్సి వస్తుంది. ఈ పీచు ఉలవల్లో, అలసందల్లో, బెండకాయలో, జామకాయలో ఉంది. చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) వచ్చినప్పుడు మనం చేసుకునే పితికిపప్పులోనూ ఉంది. ఖరీదైన ఓట్స్ డబ్బా కొనలేనివాళ్లు ఏమీ పోగొట్టుకోవడం లేదు.

చిన్నచిన్నవి కొన్ని

రాత్రి అన్నం మాని చపాతీ తింటే తగ్గుతారా? నాలుగు చపాతీలు, ఉర్లగడ్డ కుర్మా తింటే తగ్గరు. ఎన్ని అన్నదే లెక్క.

పరగడుపున నిమ్మరసం, తేనె కొవ్వును కరిగించవు. పెద్ద స్పూను తేనె 60 క్యాలరీలు.

మే నెల ఎండలో జాకెట్ వేసుకుని నడిస్తే పోయేది నీళ్లు, ఉప్పు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగగానే బరువు తిరిగొస్తుంది. వడదెబ్బ తగిలితే ప్రాణాల మీదికి వస్తుంది, దయచేసి చేయకండి.

మామిడిపండులో కొలెస్ట్రాల్ లేదు. బేనీషా పండు సగం కోసుకుని భోజనంలో భాగంగా తినండి. చక్కెర కలిపిన రసం గ్లాసులకు గ్లాసులు తాగితే ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. మందు తాగినా అంతే.

అపోహ: నెలకోసారి కొండెక్కుతున్నాను, ఇంకేం వ్యాయామం కావాలి

అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. నడిచి వెళ్లడం భక్తికీ ఒంటికీ మంచిదే, నేనూ వెళతాను. కానీ మిగతా 29 రోజులు కుర్చీలో గడిచిపోతే ఆ ఒక్క రోజు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో. దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు పని. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిహేనుసార్లు చేసినా మొదలైనట్టే.

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 నుంచి 150 క్యాలరీలు. నడక అయ్యాక ప్రకాశం పార్క్ బయట రెండు వడలు తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నడక వల్ల హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది, ట్రైగ్లిజరైడ్స్, షుగర్, బీపీ తగ్గుతాయి, పొట్టలోని కొవ్వు కరుగుతుంది. ఎల్‌డీఎల్ మీద దాని ప్రభావం తక్కువ.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లతో మొదలుపెట్టొద్దు, చదును నేల మీద నడవండి. షుగర్, బీపీ ఉండి ఎన్నడూ నడవనివాళ్లు కొండెక్కే ముందు డాక్టర్‌కు చూపించుకోండి. దారిలో ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా అక్కడే కూర్చుని సాయం అడగండి. "గాలిగోపురం దాకా పోతే సర్దుకుంటుంది" అనుకోకండి.

అపోహ: రిపోర్టు నార్మల్ వచ్చింది, మాత్ర ఆపేయొచ్చు

స్టెంట్ వేయించుకున్న పెద్దాయన ఒకరు ఎల్‌డీఎల్ 62కి రాగానే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేశారు. ఫోన్లో చూసిన వీడియోలో ఎవరో చెప్పారట, లివర్ పాడవుతుందని, ఫలానా పొడి చాలని. రెండు నెలల తర్వాత చూస్తే 151. మాత్ర వేసుకున్నందుకే అది 62కి వచ్చిందని ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. నేనూ అంతకుముందు చెప్పలేదు, ఆ తప్పు నాది కూడా. అప్పటి నుంచి మొదటి రోజే చెబుతున్నాను.

స్టాటిన్ మందుల్లో మొదటిదాన్ని జపాన్‌కు చెందిన అకిరా ఎండో 1970లలో ఒక బూజు నుంచి వెలికితీశారు. లివర్‌లో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని ఇవి అడ్డుకుంటాయి. తిండి మార్పుతో ఎల్‌డీఎల్ సాధారణంగా 10, 15 శాతం దిగుతుంది. మాత్రతో, డోసును బట్టి, 30 నుంచి 50 శాతం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. గుండెజబ్బు వచ్చినవాళ్లకు నేనిచ్చే చార్టు మాత్రకు తోడు, దాని బదులు కాదు. కండరాల నొప్పులొస్తే డాక్టర్‌కు చెప్పండి, డోసో మందో మారుస్తారు. సొంతంగా ఆపొద్దు.

తిండి మార్చిన వారానికే టెస్ట్‌కు పరిగెత్తకండి, 6 నుంచి 12 వారాలు ఆగండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వేసుకుంటున్న మందుల చీటీ, తేదీలు రాసిన నూనె డబ్బా తీసుకురండి. సంగటి తినేవాళ్లు ముద్ద కూడా తెచ్చుకోండి, కాటా నా దగ్గరుంది.