వాచీలో సిమ్ కావాలా? అపోహలు – వాస్తవాలు

విజయవాడలో ఫోన్లు, వాచీలు అమ్మే షాపు మాది. సెల్యులార్ వాచీ, అంటే సొంతంగా మొబైల్ నెట్‌వర్క్ అందుకునే వాచీ, అడిగేవాళ్లలో చాలామందికి అది అక్కర్లేదు. నిజంగా పనికొచ్చే పెద్దవాళ్లకేమో దాని సంగతి చెప్పేవాళ్లుండరు. కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కాల్ మాట్లాడే వాచీ అంటే సిమ్ ఉన్నట్టే.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తక్కువ ధరకు దొరికే బ్లూటూత్ కాలింగ్ వాచీలో ఉండేది మైకు, స్పీకరు మాత్రమే. కాల్ వచ్చేది ఫోన్‌కే, వాచీ దాన్ని వినిపిస్తుంది. ఫోన్‌కు ఓ పది మీటర్లు దూరం జరిగితే ఇక మోగదు. "ఫోన్ ఇంట్లో పెట్టి కాలవ గట్టు మీద నడకకు వెళ్తాను. మా అమ్మాయి చేస్తే ఇందులో వస్తుందా బాబూ?" అని అడుగుతారు పెద్దవాళ్లు. "రాదండీ, మీకు కావాల్సింది ఈ-సిమ్ (లోపలే అమర్చి ఉండే సిమ్) ఉన్నది" అని చెప్పడం అమ్మేవాడి బాధ్యత. డబ్బు తీసుకున్నాక చెప్పి ఏం లాభం?

అపోహ: వాచీకి కొత్త నెంబరు తీసుకోవాలి.

అక్కర్లేదు. ఫోన్ నెంబరే వాచీలోనూ పనిచేస్తుంది. మన దేశంలో ఆపిల్ వాచీకి ఈ సదుపాయం 2018లో ఎయిర్‌టెల్, జియోలతో మొదలైంది. ఫోన్‌లో ఏ నెట్‌వర్క్ కంపెనీ సిమ్ ఉంటే వాచీకీ అదే కంపెనీ ఉండాలి. మీ ప్లాన్‌లో ఈ సదుపాయం ఉందో లేదో కొనకముందే కనుక్కోండి.

అపోహ: ఇక ఫోన్ ఆఫ్ చేసి పడేసినా నష్టం లేదు.

కాల్స్ వరకు నిజమే. కానీ ఆపిల్ వాచీకి మామూలు ఎస్ఎంఎస్‌లు, వేరే కంపెనీల యాప్‌ల నోటిఫికేషన్లు రావాలంటే ఫోన్ ఎక్కడున్నా సరే, ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌లోనో వైఫైలోనో ఉండాలి. అంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోతే బ్యాంకు ఓటీపీ వాచీకి వస్తుందని నమ్ముకోకూడదు. వేర్ ఓఎస్ (గూగుల్ వాచీ సాఫ్ట్‌వేర్) ఉన్న వాచీల్లో వాట్సాప్‌కు 2023 నుంచి సొంత యాప్ ఉంది. ఎల్‌టీఈ, అంటే 4జీ నెట్‌వర్క్, ఉన్న వాచీ అయితే ఫోన్ దగ్గర లేకపోయినా అది నడుస్తుంది.

అపోహ: పెద్దవాళ్లకు ఇదో ఆడంబరం.

ఈ మాటతో నేను అస్సలు ఒప్పుకోను. ఒంటరిగా ఉండే అమ్మకో నాన్నకో ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది, మనిషి బాత్‌రూమ్‌లో జారిపడతారు. చిన్న ఇంట్లో అయితే మామూలు వాచీ కూడా ఫోన్‌కు అందుతుంది. పెరట్లోనో, డాబా మీదో, వీధి చివరో పడితే అందదు. ఆపిల్ వాచీలో ఫాల్ డిటెక్షన్ అనే ఏర్పాటుంది. గట్టిగా పడ్డారని అది గుర్తించి, దాదాపు నిమిషంపాటు కదలిక లేకపోతే అత్యవసర సర్వీసుకు తనే కాల్ చేస్తుంది. 55 ఏళ్లు దాటినవాళ్లకు, పుట్టిన తేదీ సరిగ్గా నమోదై ఉంటే, ఇది దానంతటదే ఆన్ అవుతుంది. తేదీ తప్పు కొట్టి ఉంటే కాదు. అందుకే ఎవరికైనా వాచీ సెట్ చేసిచ్చేటప్పుడు ఆ పేజీ నేనే తెరిచి చూస్తాను. గోడ పట్టుకుని మెల్లగా కూలబడితే మాత్రం అది గుర్తించకపోవచ్చు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలి.

అమెరికా నుంచి పిల్లలు పంపే వాచీలతో ఇంకో తంటా ఉంది. ఆపిల్ వాచీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో జతకాదు. నాన్నగారి చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ అయితే ఇంట్లో ఇంకొకరి ఐఫోన్‌తో ఫ్యామిలీ సెటప్ చేయాలి, ఆ ఐఫోన్ అప్పుడు పక్కనే ఉండాలి. పైగా అక్కడి మోడల్, ఇక్కడి మోడల్ ఎల్‌టీఈ బ్యాండ్లు (నెట్‌వర్క్ అందుకునే తరంగాలు) ఒకటి కావు, ఇక్కడ నెట్‌వర్క్ సరిగ్గా అందకపోవచ్చు. ఆండ్రాయిడ్ వాడే పెద్దవాళ్లకు ఇక్కడే కొన్న గెలాక్సీ ఎల్‌టీఈ వాచీ తేలిక.

అపోహ: రోజంతా ఫోన్ లేకుండా గడపొచ్చు.

ఆపిల్ వాచీ సిరీస్ 9కు కంపెనీ చెప్పిన 18 గంటల బ్యాటరీ లెక్కలో ఎల్‌టీఈ మీద ఉండేది 4 గంటలే, మిగతా 14 గంటలు ఐఫోన్‌కు కలిపి ఉన్నట్టు లెక్క. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట, అంటే సెల్లార్లలో, శ్రీశైలం ఘాట్ రోడ్డులాంటి చోట్ల, ఛార్జింగ్ ఇంకా తొందరగా దిగుతుంది. గంట నడకకు, ఈతకు, గుడికి ఇది ఢోకా లేకుండా సరిపోతుంది.

అపోహ: సిమ్ ఉంటేనే జీపీఎస్, గుండె లెక్కలు.

జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది, దానికి సిమ్‌తో పనిలేదు. ఒకే మోడల్‌లో రెండు రకాలకూ సెన్సర్లు ఒకటే. సిరీస్ 9 వచ్చినప్పుడు జీపీఎస్ రకం 41,900 రూపాయలు, సెల్యులార్ రకం 51,900. ఫోన్ ఎప్పుడూ జేబులోనే ఉండే మనిషైతే ఆ పదివేలు మిగుల్చుకోండి.

అపోహ: చెయ్యికి సిమ్ కడితే రేడియేషన్.

ఫోన్ పక్కనుంటే వాచీ బ్లూటూత్‌లోనే ఉంటుంది, ఎల్‌టీఈ వాడదు. మన దేశంలో ఫోన్లకు ఎస్ఏఆర్ (శరీరం పీల్చుకునే రేడియో తరంగాల శక్తి కొలత) పరిమితి కిలోకు 1.6 వాట్లు. కొనే వాచీ ఎస్ఏఆర్ విలువ కూడా దాని వివరాల్లో చూసుకోవచ్చు.

అపోహ: పిల్లలకు ఏ సిమ్ వాచీ అయినా ఒకటే.

చవకరకం పిల్లల వాచీల్లో కొన్ని 2జీవే. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వేస్తే అసలు పనిచేయదు. కొన్నిటిలో దూరం నుంచి పిల్లల చుట్టూ మాటలు వినే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇలాంటి వాచీల అమ్మకాన్ని జర్మనీ 2017లో నిషేధించింది. క్లాసులో టీచర్ మాటలు, పక్క పిల్లల మాటలు వాళ్లకు తెలియకుండా వినడం తప్పు. ఆ ఫీచర్ ఉన్న వాచీ మా షాపులో పెట్టం.