అరిసెల పాకం తెలిస్తే హవాయి లావా తెలిసినట్టే

కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లిన విశాఖ ఎంవీపీ కాలనీ టీచరమ్మ ఒకరు, హవాయి పెద్ద దీవిలో తీసిన రెండు ఫొటోలు పంపారు. ఒకదాంట్లో నేల నల్లగా, నున్నగా, మడతలు మడతలుగా ఉంది. రెండోదాంట్లో చెప్పులు చీరేసే మొనలతో రాళ్ల గుట్ట. "రెండూ బసాల్టేనట, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయే. ఒకే రాయి ఇంత తేడాగా ఎలా ఉంటుందండీ?" అని అడిగారు.

అగ్నిపర్వతాలు ఎందుకు పుడతాయో, భూఫలకాలు ఎలా కదులుతాయో పాఠ్యపుస్తకాల్లో ఉంది, వాటి జోలికి పోను. ఈ ప్రశ్న మాత్రం నాకు మహా ఇష్టం. నున్నటిది పహొయెహొయె, మొనలది అఆ. రెండూ హవాయి మాటలే. మన పరీక్షల్లో ఇది 'తేడాలు రాయండి' అనే రెండు మార్కుల ప్రశ్న. దాంతో అవి రెండు జాతుల లావా అన్న అభిప్రాయం పిల్లల్లో పాతుకుపోతుంది. నిజానికి ఒకే ప్రవాహం పైన పహొయెహొయెగా బయల్దేరి, కిందికొచ్చేసరికి అఆ అయిపోవచ్చు.

అరిసెలు వండేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ దీవిలోని కిలవేయా అగ్నిపర్వతం నుంచి సుమారు 1150 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికొచ్చే లావా లేతపాకం లాంటిది. నీటికంటే పదివేల నుంచి లక్ష రెట్లు చిక్కనైనా సాఫీగానే పారుతుంది. పైపొర చూస్తుండగానే నల్లబడి బిగుస్తుంది. లోపలిది ఇంకా జారుతూ ఆ పొరను లాగుతుంది, అది ముడుచుకుని మడతలు పడుతుంది. పొర మందం కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది: గంట గడిచేసరికి సుమారు 8 సెంటీమీటర్లు, 4 గంటలు గడిచేసరికి 16. అదే మీటరు మందం కావాలంటే దాదాపు వారం పడుతుంది. రాయి వేడిని అంత నెమ్మదిగా వదులుతుంది కాబట్టే, పైన గట్టిపడ్డాక లోపల సొరంగంలా మిగిలిన దారిలో లావా పెద్దగా చల్లారకుండానే కిలోమీటర్ల దూరం పారుతుంది. అక్కడి నేషనల్ పార్కులో నాహుకు అనే అలాంటి ఖాళీ సొరంగంలో నడిచి రావచ్చు.

ఇక పాకం ముదరడం. పంచదార పాకాన్ని గరిటెతో అదేపనిగా కలిపితే పలుకు కడుతుంది కదా. లావా నిటారు వాలు మీద పరుగెత్తినప్పుడు జరిగేదీ అదే. పైపొర చిరిగి లోపలి వేడి బయటికి పోతుంది, సన్నటి స్ఫటికాలు గుంపులుగా పెరుగుతాయి. పాకం నీరు ఇగిరి ముదురుతుంది, లావా చల్లారి ముదురుతుంది, కాబట్టి పోలిక ఇక్కడ తెగిపోయిందనుకుంటాం. కానీ లావాలోనూ కాస్త నీరు కరిగి ఉంటుంది. అది ఆవిరై పోయేకొద్దీ స్ఫటికాలు ఇంకా ఎక్కువ వేడి దగ్గరే కట్టడం మొదలుపెడతాయి! పాకం అంత తేలిగ్గా తెగేది కాదు.

చిక్కదనం ఒక్కటే లెక్క కాదు, ఎంత జోరుగా సాగదీస్తున్నామన్నదీ కలవాలని 1980లో పీటర్సన్, టిల్లింగ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. బాగా చిక్కబడ్డ లావా కూడా నెమ్మదిగా జరిగితే నున్నగానే గడ్డకట్టవచ్చు. జోరుగా లాగితే సాగదు, చిరుగుతుంది. ఆ చిరుగులే మొనలు. ముదురుపాకం మళ్లీ లేతపాకం కానట్టే, అఆ అయిన లావా సాధారణంగా పారుతూ పారుతూ తిరిగి పహొయెహొయె కాదు. ఆ పార్కులోని చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు మీద సముద్రం వైపు దిగుతుంటే హోలెయ్ పాలి అనే పెద్ద వాలు వస్తుంది. 1969-74 మధ్య కిలవేయా మీది మౌనా ఉలు అనే బిలం నుంచి వచ్చిన ప్రవాహాల్లో ఈ రెండు రకాలూ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.

పాకాన్ని చన్నీళ్లలో వేసి చూస్తాం. లావా సముద్రంలో పడితే అదే పరీక్ష, కాకపోతే భయంకరంగా. పైన గాజులా బిగిసి, పగిలి, అలల్లో నలిగి నల్ల ఇసుకవుతుంది. అదే దీవి తీరాన పోహోయికిలో 2018 కిలవేయా విస్ఫోటం పుట్టించిన బీచ్ వయసులో మన హైస్కూలు పిల్లలకంటే చిన్నది. విశాఖ తీరంలో కనిపించే నల్ల ఇసుక చారలకు లావాతో సంబంధం లేదు. అవి మన తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చిన ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు. తేలికైన తెల్ల ఇసుకను అలలు లాక్కుపోతే ఇవి మిగులుతాయి. ఇవి వచ్చిన ఖోండలైట్ అనే రాతి కొండలకు వయసు సుమారు 100 కోట్ల ఏళ్లు.

టీచరమ్మ రాయి తెచ్చుకోలేదట, హవాయివాళ్ల అగ్నిపర్వత దేవత పెలేకు కోపం వస్తుందని ఎవరో చెప్పారట. రాళ్లు పట్టుకెళ్లి, ఏదో చెడు జరిగిందని పార్కుకు పోస్టులో తిప్పి పంపే టూరిస్టులు ఇప్పటికీ ఉన్నారు. స్థానికుల భక్తి వేరు, టూరిస్టుల భయం వేరు. పార్కులో రాయి తీయడం చట్టప్రకారం నేరం, నాకు ఆ కారణం చాలు.

అంత దూరం వెళ్లలేనివాళ్లకు బారెన్ దీవి ఉంది. విశాఖ నుంచి ఓడలో అండమాన్ వెళ్తే, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్)కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. 1991లో నిద్రలేచిన ఆ అగ్నిపర్వతం లావా పడమటి వైపు సముద్రంలోకి దిగింది. అందులో ఎక్కువ భాగం అఆయే.