హై డే, లో డే: లెక్క రోజుకా, వారానికా?

కూకట్‌పల్లి, అమీర్‌పేట, మాదాపూర్ జిమ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండు మూడుసార్లు రాజుకునే గొడవ మళ్లీ మొదలైంది. బరువులెత్తే రోజు బాగా తిను, ఎత్తని రోజు కోత పెట్టు, కొవ్వు కరిగి కండ పడుతుంది అంటూ ట్రైనర్లు ఇచ్చే చార్టు ఒక వైపు. రోజుకో కొలత ఏమిటి, పూటలు తప్పకుండా ఒకే తీరులో తినండి అనే డైటీషియన్లు రెండో వైపు. మధ్యలో డబ్బు కట్టి చార్టు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు.

చార్టు చూడనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను. కాగితం మీద ఏడు గళ్లు ఉంటాయి. పచ్చ గడి హై డే, ఎర్ర గడి లో డే. నా చేతికొచ్చిన దాంట్లో సోమ, బుధ, శుక్రవారాలు పచ్చ, రోజుకు 2,400 కేలరీలు. మిగతా నాలుగూ ఎరుపు, 1,700 చొప్పున. పచ్చ గడిలో అన్నం, అరటిపండు, పెసరట్టు. ఎర్ర గడిలో రెండు జొన్న రొట్టెలు, గుడ్లు, నూనె తక్కువ వేసి వండిన చికెన్, కీరా ముక్కలు. మొత్తం కూడితే వారానికి 14,000. రోజూ 2,000 తిన్నా అదే 14,000. బరువు పెరగకుండా తగ్గకుండా ఉండటానికి ఆ కుర్రాడికి రోజుకు 2,400 కావాలనుకుంటే, వారానికి 2,800 లోటు పడుతుంది. కిలో కొవ్వుకు 7,700 అనే మోటు లెక్కన మూడున్నర వందల గ్రాములు కరగాలి. ఆదివారం రాత్రి బిర్యానీ, డబుల్ కా మీఠా కలిసి లెక్కకు పైన ఒక వెయ్యి చేర్చాయనుకోండి, 2,800 కాస్తా 1,800 అవుతుంది. చార్టు రంగుల్లో ఇది కనిపించదు.

పోటీలకు ముందు బాడీబిల్డర్లు పిండిపదార్థాలు తగ్గించి, పెంచి, మళ్లీ తగ్గించడం పాత కథ. ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోను 1994లో బయటపడ్డాక, మధ్యమధ్య ఒకరోజు గట్టిగా తింటే పడిపోయిన ఆ హార్మోను లేస్తుందని చెప్పుకోవడమూ తెలిసిందే. లేచేది కొద్ది సేపే, మళ్లీ కోత మొదలుపెట్టగానే దిగిపోతుంది. అక్కడితో దాన్ని వదిలేద్దాం. నా మటుకు ఈ తగాదా మొదలైంది జిమ్‌లో కాదు, 1980ల మొదట్లో పేదవాడి పళ్లెం దగ్గర. అందులో ఒక కొస మన తార్నాకలోనే ఉంది.

అప్పట్లో పేదరికపు గీతను కేలరీలతో గీసేవారు. 1979లో ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం పల్లెలో మనిషికి రోజుకు 2,400, పట్నంలో 2,100 కేలరీలు అని తేల్చింది. అంత తిండి కొనుక్కునే స్తోమత లేనివాడు పేదవాడు. పి.వి. సుఖాత్మే దీనికి అడ్డం తిరిగారు. ఆయన డాక్టరు కాదు, గణాంకాల మనిషి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థలో గణాంక విభాగాన్ని నడిపి వచ్చినవాడు. ఒక మనిషి తిండిని ఒక రోజుతో ఎలా కొలుస్తారని అడిగారు. మనిషి అతనే, పని అదే, బరువు అంతే. అయినా ఇవాళ తిన్నంత రేపు తినడు, ఈ వారం తిన్నంత వచ్చే వారం తినడు. ఒంట్లోనే ఒక సర్దుబాటు ఉంది, కొంత మేర పైకీ కిందికీ ఊగినా నిలదొక్కుకుంటుంది. కాబట్టి సగటుకు కాస్త తగ్గినవాళ్లందరినీ ఆకలిగొన్నవాళ్ల ఖాతాలో వేయడం తప్పన్నారు. అమెరికా పోషణ శాస్త్రవేత్త షెల్డన్ మార్జెన్‌తో కలిసి 1982లో ఇదంతా అమెరికా వైద్య పోషణ పత్రికలో రాశారు. ఆ కొలబద్దతో చూస్తే దేశంలో ఆకలి లెక్క బాగా తగ్గిపోతుంది. పుణెలో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ దాన్ని తిప్పికొట్టారు. వాదన అంకెల్లోంచి రాజకీయాల్లోకి వెళ్లింది.

తార్నాక కొస ఎవరంటే పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్. కూనూరులో 1918లో బెరిబెరి మీద పరిశోధనతో మొదలైన ప్రయోగశాల 1958లో హైదరాబాద్ వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఎన్ఐఎన్ అంటే నగరంలో ఆటోవాళ్లకూ తెలుసు. 1960ల్లో, 70ల మొదట్లో దాన్ని నడిపింది గోపాలనే. తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. సుఖాత్మే చెప్పిన సర్దుబాటు లేదని ఆయన అనలేదు. సర్దుకోవడం వేరు, బాగుండటం వేరు అన్నారు. తిండి తగ్గితే ఒళ్లు సర్దుకుంటుంది నిజమే, ఆ ఖర్చు మాత్రం ఎక్కడో ఒకచోట పడుతుంది. కూలీ చేసే పని తగ్గుతుంది. పిల్లవాడి ఎత్తు ఆగిపోతుంది. చిన్న ఒళ్లయినా ఆరోగ్యమే అనే మాట పేదలకు మాత్రమే ఎందుకు చెబుతున్నారు, ధనికులకు ఎందుకు చెప్పరు అని 1983లో నిలదీశారు. నలభై ఏళ్ల తర్వాత చదివినా ఆ ప్రశ్న చల్లారలేదు.

దీనికీ జిమ్ చార్టుకూ ఏం సంబంధం అంటారా? వారం మొత్తం చూడాలి గానీ ఒక్క రోజు కాదు అనే ట్రైనర్ తెలియకుండానే సుఖాత్మే వైపు నిలబడ్డాడు. ఆ మాట వరకూ అతను చెప్పింది సబబే. లో డే అంకెను 1,700 నుంచి 1,300కి, అక్కడి నుంచి వెయ్యికి దించి, ఏం కాదు అన్నా, బాడీ అడ్జస్ట్ అయితది అన్నప్పుడు మాత్రం గోపాలన్ ప్రశ్న ఎదురొస్తుంది. అడ్జస్ట్ అయితది సరే, దేన్ని ఖర్చు పెట్టి?

ఆ ఖర్చు ఎలా ఉంటుందో అమెరికాలో ఎప్పుడో చూశారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, యుద్ధానికి వెళ్లబోమన్న 36 మంది యువకులు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ప్రయోగానికి ఒప్పుకున్నారు. 24 వారాల అరకొర తిండితో బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. ఒళ్లు రోజుకు ఖర్చు చేసే శక్తి పడిపోయింది. బలం పోయింది. తిండి గురించి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. మళ్లీ తిండి పెట్టినప్పుడు ముందు కొవ్వు తిరిగొచ్చింది, కండ వెనకబడింది. ‘కటింగ్’ అనే ఈ తిండి కోత మొదలుపెట్టే ముందు ట్రైనర్లు చెప్పాల్సిన సంగతి ఇది. ఎక్కువమంది చెప్పరు.

2017 వచ్చేసరికి చార్టులకు కొత్త ఊపు వచ్చింది. ఆస్ట్రేలియాలో 51 మంది ఊబకాయం ఉన్న మగవాళ్ల మీద మాటడార్ అనే అధ్యయనం జరిగింది. ఒక జట్టు 16 వారాలు ఏకబిగిన అవసరంలో మూడో వంతు కోసుకుని తింది. రెండో జట్టు రెండు వారాలు కోత, రెండు వారాలు ఒంటికి సరిపడా తిండి, ఇలా 30 వారాల్లో అవే 16 వారాల కోత పూర్తి చేసింది. ఏకబిగిన చేసినవాళ్లు సగటున 9.1 కిలోలు తగ్గితే, ఆగి ఆగి చేసినవాళ్లు 14.1 కిలోలు తగ్గారు. ఇది చూసి సోషల్ మీడియా ఊగిపోయింది. మన చార్టులన్నీ దీని పేరు చెప్పుకుని అమ్ముడయ్యాయి. నా లెక్కలో తప్పు దారి పట్టింది ఇక్కడే. ఆ అధ్యయనంలో విరామం అంటే రెండు వారాలు. సోమవారం పచ్చ, మంగళవారం ఎరుపు కాదు. విరామంలో తిన్నది ఒంటికి సరిపడా కొలిచిన తిండి, విందు కాదు. పైగా వాళ్లు ఊబకాయం ఉన్నవాళ్లు, వాళ్ల చేత డంబెల్స్ ఎత్తించలేదు. రెండు వారాల సంగతిని ఒక రోజుకు కుదించి, ఊబకాయం ఉన్నవాళ్ల ఫలితాన్ని డెబ్బై కిలోల కుర్రాడికి అంటగట్టారు.

బరువులెత్తేవాళ్ల మీదే చేసి చూస్తే అంత తేడా రాలేదు. 2021లో వెలువడిన ఐస్‌క్యాప్ అనే అధ్యయనం, అదీ ఆస్ట్రేలియాదే, అలవాటుగా బరువులెత్తే 61 మందిని తీసుకుంది. సగం మందికి 12 వారాలు వరుస కోత, మిగతావాళ్లకు అదే కోత మధ్యలో మూడు విడి వారాల విరామం. చివరికి కొవ్వు ఇద్దరికీ ఒకేలా కరిగింది, కండ ఒకేలా నిలిచింది. విరామం తీసుకున్నవాళ్లకు ఆకలి తక్కువ వేసింది, అంతే. అంతే అన్నాను గానీ, ఆకలి తక్కువ వేయడం చిన్న విషయం కాదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు క్యాబ్ దిగి మిర్చి బజ్జీల బండి ముందు నుంచి నడిచి వచ్చేవాళ్లను అడగండి.

ట్రైనర్ల వైపు కూడా ఒక సాక్ష్యం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2020లో అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 27 మందితో ఏడు వారాలు చేసి చూశారు. ఒక జట్టు రోజూ 25 శాతం కోత. రెండో జట్టు ఐదు రోజులు 35 శాతం కోత, వరుసగా రెండు రోజులు పిండిపదార్థాలు పెంచి సరిపడా తిండి. కొవ్వులో తేడా రాలేదు. కొవ్వు కాని బరువు మాత్రం మొదటి జట్టులో 1.3 కిలోలు పోతే రెండో జట్టులో 0.4 కిలోలే పోయింది. చిన్న అధ్యయనమే, కానీ మన చార్టుకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇదే.

నేనూ ఆరు వారాలు ఈ చార్టు పాటించాను. మొదటి హై డే మర్నాడు పొద్దున కాటా ఎక్కితే 800 గ్రాములు ఎక్కువ చూపించింది. టెన్షన్ పడి ఆ రోజంతా మజ్జిగతో గడిపాను. తర్వాత తెలిసింది, పిండిపదార్థం కండలో గ్లైకోజెన్‌గా దాగితే ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల దాకా నీళ్లు వచ్చి చేరతాయని. కాటా మీద కనిపించింది ఎక్కువగా ఆ నీళ్లే. నా మజ్జిగ వృథా.

లో డే గురించి ఇంకో మాట చార్టుల్లో కనపడదు. బరువులెత్తాక కండ కట్టుకునే పని ఆ రోజుతో అయిపోదు, ఒకటి రెండు రోజులు సాగుతుంది. అంటే జిమ్‌కు వెళ్లని మంగళవారం కూడా సోమవారం ఎత్తిన బరువులకు మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. ఆ రోజు అన్నం తగ్గించినా నష్టం తక్కువ, గుడ్లూ పప్పూ తగ్గిస్తే దెబ్బే. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో 40 మంది యువకులకు నాలుగు వారాలు 40 శాతం కోత పెట్టి, గట్టి వ్యాయామం చేయించింది. కిలో ఒంటి బరువుకు 2.4 గ్రాముల ప్రొటీన్ తిన్నవాళ్లు అంత కోతలోనూ 1.2 కిలోల కండ పెంచుకుని 4.8 కిలోల కొవ్వు వదిలించుకున్నారు. అందులో సగం ప్రొటీన్ తిన్నవాళ్లకు కండ దాదాపు పెరగలేదు, కొవ్వు 3.5 కిలోలు పోయింది. పచ్చ రోజులు, ఎర్ర రోజులు ఆ ప్రయోగంలో లేవు.

ఇక్కడే మళ్లీ తార్నాక తెర మీదికి వస్తుంది. ఎన్ఐఎన్ 2020 లెక్కల్లో మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, 65 కిలోల మగవాడికి 54 గ్రాములు. 2024 మే నెలలో వచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దంది. కిలోకు 1.6 గ్రాములు దాటితే బరువులెత్తేవాళ్లకూ అదనంగా ఒరిగేది లేదని చెప్పింది. జిమ్‌లలో దీన్ని ఎగతాళి చేశారు. పొడులు అమ్మే ట్రైనర్లు ఇంకా గట్టిగా చేశారు. 0.83 కండ పెంచాలనుకునేవాడి కోసం రాసిన అంకె కాదు, నిజమే. కానీ వెటకారం చేసినవాళ్లు 1.6 దగ్గర ఆగి చదవలేదు. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. పొడి డబ్బా లేకుండా గుడ్లు, చికెన్, పప్పు, పెరుగుతో వంటింట్లోనే అందుకోగలిగిన లెక్క, శాకాహారికి కష్టమే అయినా.

ఇంతకీ ఈసారి గొడవ ఎలా రాజుకుందంటే, ఒక కుర్రాడి లో డే నాడే అతని మేనత్త కూతురి పెళ్లి పడింది. గ్రూపులో అడిగాడు: ‘అన్నా, గురువారం, శుక్రవారం మార్చుకోవచ్చా?’ చార్టు చార్టే తమ్మీ, మారిస్తే రిజల్ట్ రాదని ట్రైనర్ అన్నాడు. అదే గ్రూపులో ఉన్న డైటీషియన్, వారం మొత్తమే ముఖ్యమని మీరే అన్నారు కదా అని ఒక్క ముక్క రాసింది. అక్కడి నుంచి నాలుగు వందల మెసేజులు. కుర్రాడు మాత్రం పెళ్లికి వెళ్లి, రెండో వడ్డన దాకా కూర్చుని, విస్తరి ఫొటో గ్రూపులో పెట్టాడు.