ఎంత కట్టుకోవచ్చు, పన్ను ఎంత కట్టాలి: అపోహలు – వాస్తవాలు

ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. హైదరాబాద్‌లో స్థలం కొన్నవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని అంతస్తులు వేసుకోవచ్చు?" అనే. అప్పటికే బంధువులు, మేస్త్రీలు తలో మాటా చెప్పేసి ఉంటారు.

అపోహ: స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ లెక్క ఉంటుంది.

ఆ లెక్క ముంబైది. అక్కడి పాత నగరంలో మూల ఎఫ్‌ఎస్‌ఐ 1.33, అంటే స్థలానికి 1.33 రెట్లు. మన దగ్గర ఆ పరిమితిని 2006లోనే తీసేశారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం ఇంటి సైజును తేల్చేవి రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు. 30 అడుగుల రోడ్డు మీద 30×60 స్థలం ఉందనుకోండి, అంటే 200 గజాలు. ముందువైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అంతస్తుకు 1,200 చదరపు అడుగుల చిల్లర మిగులుతుంది. ఎత్తు 10 మీటర్లకు మించకూడదు కాబట్టి మూడంతస్తులు. మొత్తం కలిపితే స్థలానికి దాదాపు రెండు రెట్లు.

ఆ పక్కనున్న మీటరు వృథా అనుకుని బాల్కనీ పెంచేస్తారు. పక్కింటివాళ్లూ అదే పని చేస్తే రెండిళ్ల పడకగదులకూ పగలే లైటు వేసుకోవాలి. నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే.

అపోహ: ఎక్కడ చూసినా స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య వదిలిన పార్కింగ్) మీద ఐదంతస్తులే కనిపించడం బిల్డర్ల అలవాటు.

కాదు. జీవో 168లో 18 మీటర్లు, ఆపైన ఉన్నది ఎత్తైన భవనం. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున ఐదుకు 15. ఆరోది వేస్తే ఆ 18 మీటర్ల గీత తగులుతుంది.

అపోహ: ఇంటి నంబరు వచ్చింది, పన్ను కడుతున్నాం, కాబట్టి ఇల్లు సక్రమమే.

చాలామంది కొనుగోలుదారులను ముంచుతున్నది ఈ నమ్మకమే. అనుమతి లేని అంతస్తుకూ మున్సిపాలిటీ పన్ను వేస్తుంది, పైగా పన్నుతో సమానంగా జరిమానా వేయొచ్చు. అలా వసూలు చేసినంత మాత్రాన క్రమబద్ధీకరించినట్టు కాదని చట్టంలోనే ఉంది. టెర్రస్ మీద పెంట్‌హౌస్ చూపించి, పన్ను రసీదు చేతిలో పెడితే ఆగండి. మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) అడగండి.

అపోహ: పన్నుకు ఆధారం రిజిస్ట్రేషన్ విలువ.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి అంతే. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం. పాత ఇంటికి పెంపు ఏడాదికి 15 శాతం మించదు. హైదరాబాద్‌లో మాత్రం ప్లింత్ ఏరియాను (కట్టిన విస్తీర్ణాన్ని), ఆ వీధిలో చదరపు అడుగుకు వచ్చే అద్దెను బట్టి లెక్కిస్తారు. అందుకే కింద మల్గీ (దుకాణం) తీస్తే ఆ భాగానికి వేరే రేటు పడుతుంది.

అపోహ: కట్టనంతవరకూ పన్ను ఉండదు.

ఉంటుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధిలో ఖాళీ స్థలానికి దాని విలువలో 0.5 శాతం.